గుర్రపుడెక్క

హన్మకొండ కోర్టు గోడకు ఎదురుంగ నా జిరాక్సు దుకాణం.
వకాల్తాలు, పహాణీలు, మరణ ధ్రువపత్రాలు,
ఏ కాయితమైనా ఒక్కటే రేటు.
ఉన్నది ఉన్నట్టు తీసియ్యడమే నా బతుకు.

జీతం లేని కొలువు ఇంకోటున్నది,
'తుమ్మలకుంట ముచ్చట్లు' పేజీకి అడ్మిన్ను.
మొగిలి వలల చేపలకంటే ఎక్కువ పడ్డ కవర్లు,
నస్రీన్ టీచర్ పిల్లలతోని కొలిపించిన నీళ్ల లోతు,
కొత్తవాడల మగ్గం దిగి యాకలక్ష్మి చెప్పే వాన లెక్క,
రాత్రికి రాత్రి ఇరవై గజాలు నడిచిన హద్దురాయి,
అన్నీ అందులనే.
రాయి నడిచిన వీడియోను
పద్నాలుగు వందల మందిమి చూసినం.
నడిపించినోడు సుత చూసిండు.

ఆ వారం నేను రాసిన:
"ఆదివారం పొద్దుగాల ఆరుగొట్టంగ
కత్తులు, కొడవండ్లు పట్టుకొని కట్టమీదికి రాండ్రి.
గుర్రపుడెక్కను నరికి నరికి గడ్డకేద్దాం.
ఒక్కటి సుత మిగలొద్దు."

అన్నం తిని వచ్చేసరికి పేజీ లేదు.
మీ పోస్టు హింసను ప్రేరేపిస్తున్నది,
మా సమాజ ప్రమాణాలకు విరుద్ధం, అని
తెల్లటి తెర మీద నాలుగు లైన్లు.

ఏ ఊరి సమాజమది?
ఏ కచ్చీరుల కూసొని రాసుకున్నరు ఆ ప్రమాణాలు?
కత్తి తెలిసింది దానికి, గుర్రం తెలిసింది,
నరుకుడు తెలిసింది.
నీళ్ల మీద ఊదారంగు పువ్వు పూసి
చెరువు గొంతు మీద కూసునే కలుపు మాత్రం తెల్వది.

"గుర్రాన్ని సంపుతమనుకున్నదా ఏంది?"
యాకలక్ష్మి పడి పడి నవ్వింది.
మొగిలి నవ్వలే.
ఒక్క రాత్రే రెండు వందల ఫిర్యాదులు పోయినయట,
ముఖానికి బదులు గులాబీ పువ్వున్న ఖాతాల నుంచి.
ఎవడు నొక్కించిండో మాకు ఎరుకే.
రుజువంటవా,
రుజువులన్నీ ఆ పేజీలనే ఉండె.

అప్పీలుకు ఒక బటను పెట్టిండ్రు.
నొక్కితే ఐదు కారణాలు, ఒకటి ఎంచుకోవాలె.
'అది నీళ్లల్ల మొలిచే గడ్డి సారూ' అనేది
ఆ ఐదిట్ల లేదు.

నా దుకాణం ఎదుటి కోర్టుల
గొలుసు తెంపిన దొంగకైనా ఒక వాయిదా ఉంటది.
బంట్రోతు బయటికొచ్చి
పేరు మూడుసార్లు పిలుస్తడు,
చెట్టుకింద చాయ తాగేటోనికి సుత ఇనబడేటట్టు.
మమ్ముల ఒక్కసారన్నా పిలువలే.

మూడు వందల కాయితాలు తీసిన, నా సొంత టోనరు.
నస్రీన్ టీచర్ మైదా ఉడికించింది.
కరెంటు స్తంభాలకు, పాలకేంద్రం షట్టరుకు,
'ప్రకటనలు అంటించరాదు' అన్న గోడకు సుత అంటించినం.
ఆదివారం నలభై ఒక్కమంది వచ్చిండ్రు.
నాలుగు వందల మంది పని
నలభై ఒక్కమందితోని ఎంతైతది?
మధ్యాహ్నానికి నడుములు పోయినయి, గుర్రపుడెక్క పోలే.

పంతొమ్మిదో నాడు మళ్ల అవే తెల్లటి అక్షరాలు:
పొరపాటు జరిగింది. మీ పేజీని పునరుద్ధరించాం.

పేజీ తిరిగొచ్చింది.
ఆ పంతొమ్మిది రాత్రులల్ల టిప్పర్లు పోసిన మొరం
తిరిగి పోలే.
మొగిలి తెప్ప కట్టేసే మూలన
ఇప్పుడు నాలుగు కడీలు, ఒక తీగ,
'ప్లాట్లు అమ్మబడును'.

ఫోటో తీసిన. కింద రాయబోయి ఆగిన.
'నరుకుదాం' కొట్టేసి 'తొలగిద్దాం' అని పెట్టిన.
అది సుత కొట్టేసి 'శుభ్రం చేసుకుందాం' అన్న.
అద్దం మీద కాయితం బోర్లేస్తుంటే చెయ్యి ఆగింది.
నాకు తెలిసిన ఇద్య ఇదొక్కటే,
అసలుల ఒక మాట మారితే నకలు చెల్లదు.

పాత మాటే పెట్టిన. నరుకుదాం.
నొక్కేటప్పుడు ఏలు ఒణికిందా అంటే, ఒణికింది.

నిమిషం గాలే, కింద యాకలక్ష్మి రాసింది:
"కొడవలి నూరి పెట్టిన.
ఎన్నిటికి రమ్మంటవ్?"